పౌలస్ వేసిన లెక్కలు

1942 నవంబరు 22 సాయంత్రం జర్మన్ ఆరో సైన్యం కమాండర్ జనరల్ ఫ్రీడ్రిష్ పౌలస్ దగ్గర్నుంచి పై కార్యాలయానికి ఒక వైర్‌లెస్ సందేశం వెళ్లింది. రష్యాలో వోల్గా నది ఒడ్డునున్న స్టాలిన్‌గ్రాడ్ దగ్గర సైన్యాన్ని సోవియట్ దళాలు చుట్టుముట్టాయి. ఇంధనం అయిపోవస్తోంది, అది అయిపోయిన మరుక్షణం ట్యాంకులూ పెద్ద ఫిరంగులూ కదలవు. మందుగుండుకు కటకటగా ఉంది. తిండి ఆరు రోజులకు సరిపోతుంది. దక్షిణం వైపు రక్షణ వలయం నిలబెట్టలేకపోతే ఏం చేయాలో తానే నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇవ్వమని ఒక అభ్యర్థన.

ఆ సందేశంలో దాపరికం లేదు, అతిశయోక్తి లేదు. ఆరు రోజుల తిండి ఉందని రాసిన ఆ మనిషి ఆ తర్వాత 70 రోజులు అక్కడే ఉన్నాడు, రెండున్నర లక్షలకు పైగా మనుషుల్ని తన కింద పెట్టుకుని. స్టాలిన్‌గ్రాడ్ గురించి రాసేవాళ్లలో చాలామంది పౌలస్‌ను చేతకాని సేనానిగానో, హిట్లర్ చేతిలో కీలుబొమ్మగానో తేల్చేస్తారు. రెండూ పూర్తిగా నిజం కావు. ఆయన జీవితాన్ని మొదట్నుంచీ చూసుకుంటూ వస్తే ఒక్క సంగతి పదేపదే కనబడుతుంది. రాబోయే ప్రమాదం లెక్క ఆయనకు అందరికంటే ముందే తేలేది. దాన్ని శుభ్రంగా కాగితం మీద పెట్టి పైకి పంపేవాడు. అక్కడితో తన పని అయిపోయిందనుకునేవాడు.

ముందుగా పేరు సంగతి. చాలా పుస్తకాల్లో, పత్రికల్లో ఆయన్ను 'ఫాన్ పౌలస్' అని రాస్తుంటారు. అది తప్పు. 'ఫాన్' అనేది జర్మనీలో జమీందారీ వంశాల పేర్ల ముందు వచ్చే మాట. పౌలస్‌ది అలాంటి కుటుంబం కాదు. 1890 సెప్టెంబరు 23న హెస్సె ప్రాంతంలోని గుక్స్‌హాగెన్‌లో పుట్టాడు, కాసెల్‌లో పెరిగాడు. తండ్రి డబ్బు లెక్కలు చూసే చిన్న ప్రభుత్వోద్యోగి. కైజర్ కాలంలో పెద్ద సైనిక పదవులు ఎక్కువగా గొప్పింటి పిల్లలకే దక్కేవి. కుర్రవాడు నౌకాదళంలో చేరాలని దరఖాస్తు పెడితే తీసుకోలేదు. మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్లు లా చదివి మధ్యలో వదిలేసి, 1910లో రాష్టాట్‌లోని 111వ పదాతి రెజిమెంటులో ఆఫీసరు శిక్షణకు చేరాడు. రెండేళ్లకే రొమేనియా కులీన కుటుంబానికి చెందిన ఎలెనా కాన్‌స్టాన్స్ రోజెట్టి-సోలెస్కును పెళ్లాడాడు. ఇంట్లో ఆమెను 'కోకా' అని పిలిచేవారు. గుమాస్తా కొడుక్కి పెద్దింటి సంబంధం. నడకలో, మాటలో, బట్టల్లో ఆయన చూపించిన నీటుతనం వెనక ఆ పై మెట్టుకు సరితూగాలన్న ఆరాటం ఉండి ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువ కాలం స్టాఫ్ పనే చేశాడు. అంటే పటాలు, ఆదేశాలు, దళాల కదలికల పట్టికలు. యుద్ధం ముగిసేసరికి కెప్టెన్. వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి, ఆఫీసర్లను 4,000 మందికి కుదించింది. ఆ 4,000 మందిలో చోటు దొరకడమంటే మామూలు విషయం కాదు. పౌలస్‌కు దొరికింది. స్టుట్‌గార్ట్‌లోని 13వ పదాతి రెజిమెంటులో ఆయన ఒక కంపెనీకి కమాండర్‌గా ఉన్న రోజుల్లో, అదే రెజిమెంటులో ఇంకో కంపెనీని నడిపినవాడు ఎర్విన్ రోమెల్. ఒకే గొడుగు కింద పనిచేసిన ఈ ఇద్దరూ పూర్తిగా వేరు మనుషులు. రోమెల్ ముందు దూకి తర్వాత ఆలోచించే రకం. పౌలస్ ఆలోచించి, మళ్లీ ఆలోచించి, రాసి, రాసింది సరిచూసుకునే రకం. పై అధికారులు రహస్య నివేదికల్లో ఆయన్ను మెచ్చుకున్నారు: మర్యాదస్తుడు, పని రాక్షసుడు, ఇసుక బల్ల మీద యుద్ధాభ్యాసాలు నడపడంలో దిట్ట. ఒకరిద్దరు ఒక లోపం కూడా రాసిపెట్టారు. నిర్ణయం తీసుకోవడంలో తెగువ తక్కువ అని.

శుభ్రత ఆయనకు ఒక వ్రతం. వీలైతే రోజుకు రెండుసార్లు స్నానం చేసి బట్టలు మార్చేవాడు. దుమ్మంటే గిట్టక చేతికి గ్లవ్స్ వేసుకునేవాడు. తోటి ఆఫీసర్లు 'దొరగారు' అన్నట్టుగా పేరు పెట్టి నవ్వుకునేవాళ్లు. ఆ మనిషే చివరికి, గడ్డం మాసి, ముఖంలో నరం ఆగకుండా అదురుతూ, ఒక దుకాణం నేలమాళిగలో దొరికాడు.

1930ల్లో జర్మనీ ట్యాంకు దళాలను కొత్తగా కడుతున్నప్పుడు ఆ పనిలో ట్యాంకు యుద్ధ నిపుణుడు గుడేరియన్ తర్వాత స్టాఫ్ అధిపతిగా వచ్చింది పౌలసే. 1939లో పోలండ్ మీదికి వెళ్లిన పదో సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యాడు. ఆ సైన్యానికే తర్వాత ఆరో సైన్యం అని పేరు మార్చారు. దాని కమాండర్ వాల్టర్ ఫాన్ రైషెనౌ. మోటు మనిషి, ఆటల పిచ్చి, నాజీ పార్టీకి బాహాటంగా దగ్గరైన జనరల్. ఆయనకు ఆఫీసు పని అంటే విసుగు. రైషెనౌ నిర్ణయం చెప్పేవాడు, పౌలస్ దాన్ని రోడ్లుగా, రైళ్లుగా, గంటలుగా మార్చి కాగితం మీద పెట్టేవాడు. ఈ జోడీ బాగా నడిచింది. పౌలస్ ప్రతిభ అంతా పక్కన ఒక తెగువ గల మనిషి ఉన్నప్పుడు వెలిగే ప్రతిభ.

1940 సెప్టెంబరులో ఆయన్ను సైన్యం ప్రధాన కార్యాలయానికి, జనరల్ స్టాఫ్ అధిపతి ఫ్రాంజ్ హాల్డర్‌కు సహాయకుడిగా తీసుకున్నారు. అప్పగించిన పని సోవియట్ యూనియన్ మీద దాడికి పథకం తయారుచేయడం. ఆ డిసెంబరులో బెర్లిన్‌కు దక్షిణాన ఉన్న జోసెన్‌లో పథకాన్ని పటం మీద ఆడించి చూశారు. ఆ అభ్యాసాన్ని నడిపింది పౌలసే. అక్కడే మొదటి పెద్ద లెక్క తేలింది. తూర్పుకు పోయేకొద్దీ రష్యా గరాటులా వెడల్పవుతుంది, దళాలు పలచబడతాయి. నీపర్ నది దాటాక సరఫరా అందడం గగనం. జర్మన్ సైన్యం అంటే జనం కళ్ల ముందు ట్యాంకులే మెదులుతాయి గానీ, 1941 జూన్ 22న సరిహద్దు దాటినప్పుడు వాళ్ల వెంట 6 లక్షలకు పైగా గుర్రాలు ఉన్నాయి. ఫిరంగులు లాగింది, బళ్లు లాగింది ఎక్కువగా అవే. ఈ ఇబ్బందులన్నీ పథకం వేసినవాళ్లకు తెలుసు. పథకం మాత్రం ఆగలేదు. ఇంట్లో పటాలు పరిచి పని చేసుకుంటుంటే కోకా చూసి, ఇది అన్యాయమైన యుద్ధమని అన్నదనీ, రాజకీయం మన చేతిలో లేదని భర్త జవాబిచ్చాడనీ ఆ కుటుంబ కథనం.

1941 ఏప్రిల్ చివర్లో హాల్డర్ ఆయన్ను ఉత్తర ఆఫ్రికాకు పంపాడు. అక్కడ జర్మన్ దళాలను నడుపుతున్న రోమెల్ లిబియాలోని టోబ్రూక్ రేవు మీద పడి తల బద్దలు కొట్టుకుంటున్నాడు, పాత స్నేహితుడు వెళ్తే మాట వింటాడేమోనని. పౌలస్ వెళ్లి చూసి తేల్చిందేమిటంటే, అక్కడ అసలు సమస్య సరఫరా. రేవు నుంచి ముందు వరసకు ఉన్న దూరానికి తగ్గ లారీలు లేవు. ఆయన నివేదిక మళ్లీ సరైనదే. దూరం, ఇంధనం, టన్నులు అనే మూడింటి మీద ఆ సైన్యంలో ఇంత పట్టున్న మనిషి మరొకరు లేరంటే అతిశయోక్తి కాదు. రెండేళ్లు తిరక్కుండా ఆ మూడే ఆయన గొంతు పట్టుకున్నాయి.

1942 జనవరిలో పౌలస్ ఆరో సైన్యానికి కమాండర్ అయ్యాడు. డివిజన్‌ను గానీ, కొన్ని డివిజన్లు కలిసిన కోర్‌ను గానీ ఏనాడూ యుద్ధంలో నడపలేదు. సొంతంగా నడిపిన అతి పెద్ద దళం 1930ల్లో ఒక మోటారు బెటాలియన్, అంటే కొన్ని వందల మంది. అక్కణ్ణుంచి ఒక్కసారిగా లక్షల మంది మీదికి. పై పదవికి వెళ్లి అక్కణ్ణుంచి అండగా ఉంటాడనుకున్న రైషెనౌ అదే నెల 17న చనిపోయాడు. 

ఇక్కడ ఒక విషయం దాటేసి పోకూడదు. పౌలస్ చేతికొచ్చిన ఆరో సైన్యం చేతులు అప్పటికే నెత్తురులో మునిగి ఉన్నాయి. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో కీవ్ పక్కన బాబీ యార్ లోయలో 33,771 మంది యూదులను కాల్చి చంపింది నాజీ పార్టీ సాయుధ విభాగం ఎస్ఎస్ బృందాలే అయినా, ఆ నగరం ఆరో సైన్యం ఏలుబడిలో ఉంది, సైన్యం సహకారం ఉంది. ఆ అక్టోబరు 10న రైషెనౌ యూదుల మీద కఠినంగా ఉండాలని సైనికులకు లిఖితపూర్వక ఆదేశం ఇచ్చాడు. పౌలస్ రాగానే దాన్ని రద్దు చేశాడని సైనిక చరిత్రకారులు రాస్తారు. అది ఆయన ఖాతాలో వేయాల్సిందే. కానీ యుద్ధ పథకం గీసిన బల్ల దగ్గర కూర్చున్నవాడు ఆ యుద్ధం ఎలాంటిదో తెలియదనడానికి వీల్లేదు. జర్మన్ జనరల్స్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లో 'మాది సైనిక వృత్తి, నేరాలు వాళ్లవి' అనే మాట ఎన్నోసార్లు వినబడుతుంది. స్టాఫ్ ఆఫీసరు బల్ల దగ్గర ఆ గీత అంత శుభ్రంగా ఉండదు.

మే నెలలో ఖార్కోవ్ దగ్గర సోవియట్ దాడిని తిప్పికొట్టి పెద్ద గెలుపులో భాగం పంచుకున్నాడు. ఆ ఏడాదే నైట్స్ క్రాస్ పతకం వచ్చింది. జూన్ 28న మొదలైన వేసవి దాడి ఆరో సైన్యాన్ని స్టెప్పీ మైదానాల మీదుగా వోల్గా వైపు నడిపింది. ఆగస్టు 23న ఒకవైపు విమానాలు స్టాలిన్‌గ్రాడ్‌ను తగలబెట్టి వేలమంది పౌరులను చంపుతుంటే, ఇంకోవైపు ఆరో సైన్యం ట్యాంకులు నగరానికి ఉత్తరాన వోల్గా ఒడ్డుకు చేరాయి. ఆ తర్వాత నగరంలో ఇల్లిల్లూ, అంతస్తు అంతస్తూ జరిగిన పోరాటంలో పౌలస్‌కు బాగా వచ్చిన విద్య ఏదీ అక్కరకు రాలేదు. నదిని వెనక పెట్టుకుని నిలబడ్డ సోవియట్ జనరల్ చూయికోవ్ 62వ సైన్యం వందల గజాల నేల కోసం రోజుల తరబడి కొట్లాడింది. నవంబరుకల్లా నగరంలో పదింట తొమ్మిది వంతులు జర్మన్ల చేతిలో ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్క వంతు కోసం ఆరో సైన్యం తన పదాతి దళాన్ని అరగదీసుకుంది.

ప్రమాదం ఉన్నది నగరంలో కాదు, పక్కల్లో. ఆరో సైన్యానికి ఎడమ పక్క డాన్ నది వెంబడి రొమేనియా మూడో సైన్యం, కుడి పక్క రొమేనియా నాలుగో సైన్యం కాపలా. వాళ్లకు ట్యాంకులను ఆపే ఫిరంగులు చాలా తక్కువ, కాపాడాల్సిన పొడవు చాలా ఎక్కువ. వాళ్ల వెనక ఆసరాగా ఉంచిన ఒకే ఒక్క ట్యాంకు కోర్ సంగతి వింటే ఆ సైన్యం పరిస్థితి అర్థమవుతుంది. అందులోని 22వ పంజర్ (ట్యాంకు) డివిజన్ ట్యాంకులను ఇంధనం పొదుపు కోసం వారాల తరబడి గుంటల్లో పెట్టి, మంచు తగలకుండా గడ్డి కప్పి ఉంచారు. ఆ గడ్డిలో ఎలుకలు కాపురం పెట్టి కరెంటు వైర్ల మీద తొడుగు కొరికేశాయి. పిలుపు వచ్చి బయల్దేరబోతే చాలా ట్యాంకులు కదలనే లేదు.

పక్కలు బలహీనంగా ఉన్నాయని పౌలస్ పైకి చెప్పాడు. పైవాళ్లు నగరం సంగతి చూడమన్నారు. ఆయన నగరం సంగతి చూశాడు. తన చేతిలోనే ఉన్న 14వ, 16వ, 24వ పంజర్ డివిజన్లను నగర పోరాటం నుంచి బయటికి లాగి వెనక సిద్ధంగా ఉంచుకోవడానికి గట్టి ప్రయత్నం చేయలేదు. 1942 శరదృతువులో ఆయన మీద మోపాల్సిన అసలు సైనిక తప్పు ఇదే. హిట్లర్ మీదికి నెట్టేయలేని తప్పు కూడా ఇదే.

నవంబరు 19న ఉత్తరం నుంచి, 20న దక్షిణం నుంచి సోవియట్ దాడి మొదలైంది. 23న రెండు కొసలూ కలాచ్ దగ్గర కలిశాయి. ఆ మధ్య నాలుగు రోజులను జాగ్రత్తగా చూడాలి. 21న విమాన దళ అధికారి ఫీబిగ్ ఫోన్లో పౌలస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆర్థర్ ష్మిట్‌కు స్పష్టంగా చెప్పాడు: ఒక సైన్యం మొత్తాన్ని గాల్లోంచి పోషించడం కాని పని, మా దగ్గర అన్ని విమానాలు లేవు. ఆ సమయంలో పౌలస్ చుట్టు వలయానికి బయట, నీజ్నె-చిర్‌స్కాయా అనే ఊళ్లో ఉన్నాడు. లోపలికి వెళ్లమని హిట్లర్ ఆదేశం. 22న చిన్న విమానంలో లోపల గుమ్రాక్‌కు వెళ్లాడు. ప్రాణభయం ఉన్న మనిషి చేసే పని కాదది. 23 రాత్రి నేరుగా హిట్లర్‌కే రాశాడు: వెంటనే నైరుతికి చీల్చుకుని రాకపోతే సైన్యం నాశనమవుతుంది, నా అయిదుగురు కోర్ కమాండర్లదీ ఇదే అభిప్రాయం. 24 ఉదయం జవాబు వచ్చింది. కదలొద్దు, విమానాల్లో సరఫరా వస్తుంది.

అయిదుగురిలో ఒకడైన జనరల్ వాల్టర్ ఫాన్ జైడ్లిట్జ్ ఆదేశం కోసం ఆగలేదు. 23 రాత్రే తన దళాల్లో కొన్నిటిని వెనక్కి లాగడం మొదలుపెట్టాడు, మిగతావాళ్లు కూడా కదలక తప్పదని. అది బెడిసికొట్టి ఒక డివిజన్ బయల్లో చిక్కి చితికిపోయింది. 25న పౌలస్‌కు ఒక పొడవాటి పత్రం ఇచ్చాడు. హిట్లర్ ఆదేశాన్ని ధిక్కరించైనా సరే, సైనికుల పట్ల, జర్మన్ ప్రజల పట్ల బాధ్యతగా బయటపడాలన్నది దాని సారం. పౌలస్ ఆ పత్రాన్ని చించెయ్యలేదు, రాసినవాణ్ణి శిక్షించలేదు. ఫైలుకు నోట్ జతచేసి పంపినట్టు పై అధికారి మాన్‌స్టైన్‌కు పంపించాడు.

ఆ వారంలో బయటికి దూకితే గెలిచేవాళ్లా? ఖాయంగా చెప్పలేం. శీతాకాలం మేత కోసం గుర్రాల్లో చాలా వాటిని అప్పటికే పశ్చిమానికి పంపేశారు. కాబట్టి ఫిరంగులను, గాయపడ్డవాళ్లను వదిలేయాల్సి వచ్చేది. మంచు మైదానంలో చాలామంది పోయేవారు. ఆరో సైన్యం అక్కడే నిలబడి సోవియట్ దళాలను పట్టి ఉంచడం వల్లే కాకసస్ నుంచి మరో జర్మన్ సైన్యసమూహం బయటపడగలిగిందని మాన్‌స్టైన్ పక్షాన వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలం ఉంది. అయితే అది జనవరికి వర్తించే వాదన. నవంబరు 24న పౌలస్ ముందున్న ప్రశ్న అది కాదు. విమానాలు రాలేవని విమానాలవాళ్లే చెప్పాక, వస్తాయన్న మాట మీద రెండున్నర లక్షల మందిని ఉంచాలా అన్నది ప్రశ్న.

ఆ టన్నుల లెక్క ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. సైన్యం బతికి ఉండాలంటే రోజుకు కనీసం 300 టన్నులు కావాలి, సరిగ్గా పోరాడాలంటే 500. యుంకర్స్ 52 రవాణా విమానం ఒక్కో విడతకు మోసేది సుమారు 2 టన్నులు. అంటే చిన్న పగళ్ల రష్యా చలికాలంలో, మంచు తుపానుల మధ్య, రోజుకు 150 విమానాలు దిగి, ఖాళీ చేసి, గాయపడ్డవాళ్లను ఎక్కించుకుని లేవాలి. ఆ ఏడాది మొదట్లో డెమ్యాన్‌స్క్ దగ్గర చిక్కుకున్న లక్ష మందిని ఇలాగే పోషించాం కదా అని హిట్లర్ కార్యాలయంలో ధైర్యం. ఇక్కడున్నది దానికి రెండున్నర రెట్లు. చివరికి సగటున అందింది రోజుకు 100 టన్నుల చిల్లర. అన్నింటికంటే బాగా నడిచిన రోజు డిసెంబరు 19, ఆ రోజు కూడా 300 దాటలేదు. గుర్రాలు కోసుకు తిన్నారు. రొట్టె రేషన్ మనిషికి రోజుకు 100 గ్రాముల దరిదాపుల్లోకి, తర్వాత ఇంకా కిందికి పడిపోయింది. వలయం లోపలే ఉన్న రష్యన్ యుద్ధ ఖైదీల శిబిరాల్లో తిండి దాదాపు ఆగిపోయి మనుషులు ఆకలితో చచ్చిపోయారు. ఆరో సైన్యం కష్టాల గురించి రాసేటప్పుడు ఈ మాట చాలాసార్లు మరుగున పడుతుంది.

డిసెంబరు 12న జర్మన్ జనరల్ హోట్ నడిపిన సహాయక దళం బయటి నుంచి బయల్దేరి, మిష్కోవా నది దాకా వచ్చింది. వలయానికి ఇంకా 48 కిలోమీటర్లు. లోపలున్న ట్యాంకుల్లో ఇంధనం 30 కిలోమీటర్లకే. ఈ 18 కిలోమీటర్ల తేడా మీద మాన్‌స్టైన్‌కూ పౌలస్‌కూ మధ్య టెలిప్రింటర్ మీద రోజుల తరబడి మాటలు నడిచాయి. బయటికి రమ్మనే ఆదేశానికి 'డోనర్‌ష్లాగ్', అంటే పిడుగుపాటు అని సంకేతం పెట్టుకున్నారు. మాన్‌స్టైన్ సిద్ధంగా ఉండమన్నాడు గానీ ఆ ఒక్క మాట ఇవ్వలేదు. పౌలస్ ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఇద్దరూ హిట్లర్ ఒప్పుకుంటాడేమోనని చూశారు. క్రిస్మస్ ముందే సహాయక దళం వెనక్కి తిరగాల్సి వచ్చింది. టెన్షన్ అంతా ఇంధనం మీద ఉన్నట్టు పైకి కనిపించినా, నిజంగా కొరతపడింది 'నా బాధ్యత' అని సంతకం పెట్టే చెయ్యి.

జనవరి 8న సోవియట్ పక్షం లొంగుబాటు షరతులు పంపింది. తిండి, వైద్యం, యుద్ధం అయ్యాక ఇంటికి. తిరస్కరించారు. 10న చివరి దాడి మొదలైంది. ఆ రోజుల్లోనే పౌలస్ యువ కెప్టెన్ విన్రిష్ బేర్‌ను విమానంలో హిట్లర్ దగ్గరికి పంపాడు, జనరల్స్ మాట వినకపోతే ముందు వరస చూసొచ్చిన కుర్రాడి మాటైనా వింటాడేమోనని. బేర్ అక్కడ పటం మీద గుచ్చిన చిన్న చిన్న జెండాలు చూశాడు. ఒక్కో జెండా ఒక్కో డివిజన్. అవన్నీ నిండు డివిజన్లన్నట్టే హిట్లర్ మాట్లాడుతున్నాడు. అవి పేరుకే మిగిలాయని బేర్‌కు తెలుసు. ఆ గదిలో నిలబడ్డప్పుడే యుద్ధం పోయిందని అర్థమైందని తర్వాత చెప్పుకున్నాడు.

16న పిటోమ్నిక్ విమానాశ్రయం పోయింది, వారం తిరక్కుండా గుమ్రాక్ కూడా. పౌలస్ చివరిసారి అడిగాడు: 18,000 మంది గాయపడ్డవాళ్లకు కట్టుగుడ్డ లేదు, మందు లేదు, మిగిలినవాళ్ల ప్రాణాలు కాపాడేందుకు లొంగిపోవడానికి అనుమతివ్వండి. లొంగుబాటు నిషిద్ధం, ఆఖరి మనిషి, ఆఖరి తూటా దాకా పోరాడమని జవాబు. ఆ 18,000 అంకె కూడా ఆయన పైకే పంపాడు. అక్కణ్ణుంచి నిర్ణయం రాలేదు గనక ఇంకో వారం పోరు సాగింది. నవంబరులో ఆజ్ఞ మీరితే ఫలితం ఏమయ్యేదో తెలియదన్న సందేహానికి తావుంది. జనవరి చివర్లో అది కూడా లేదు. ఆ వారంలో పోయిన ప్రాణాలకు సైనిక ప్రయోజనం దాదాపు ఏమీ లేదని అక్కడున్న ప్రతి ఆఫీసరుకూ తెలుసు.

జనవరి 30 నాజీలు అధికారంలోకి వచ్చి పదేళ్లయిన రోజు. బెర్లిన్ రేడియోలో వైమానిక దళాధిపతి గోరింగ్ ఆరో సైన్యాన్ని ప్రాచీన గ్రీసులో థెర్మోపిలే దగ్గర ఆఖరి మనిషి దాకా పోరాడి చచ్చిపోయిన స్పార్టా వీరులతో పోల్చాడు. వింటున్న సైనికులకు అది తమ చావు వార్త ముందే చదివినట్టు వినిపించింది. ఆ రోజే పౌలస్‌ను ఫీల్డ్ మార్షల్‌గా పెంచారు. అప్పటిదాకా జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవరూ శత్రువుకు ప్రాణాలతో చిక్కలేదు. ఆ బిరుదుతో పాటు రివాల్వర్ కూడా పంపినట్టేనని పౌలస్‌కు అర్థమైంది. ఆయన కాల్చుకోలేదు. 

31 ఉదయం ఉనివెర్‌మాగ్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలోకి సోవియట్ ఆఫీసర్లు దిగారు. మెట్ల మీద, నడవల్లో కిక్కిరిసిన సైనికులు, మలమూత్రాల వాసన. లొంగుబాటు మాటలు ష్మిట్, ఆ భాగం కమాండర్ రోస్కె మాట్లాడారు. పౌలస్ పక్క గదిలో మంచం మీద ఉన్నాడు. తాను ఇప్పుడు ఏ దళానికీ కమాండర్‌ను కానని, నగరం ఉత్తర భాగంలో ఇంకా పోరాడుతున్న స్ట్రెకర్‌ను లొంగిపొమ్మని ఆదేశించలేనని ఆయన నిలబడ్డ పక్షం. అక్కడ ఇంకో రెండు రోజులు చచ్చారు. జీవితమంతా పై ఆజ్ఞ కోసం చూసిన మనిషి, తన ఆజ్ఞ ఒక్కటి ప్రాణాలు కాపాడగలిగిన చోట అది తన అధికారంలో లేదన్నాడు. ఈ మొత్తం కథలో పౌలస్‌ను క్షమించడం అన్నింటికంటే కష్టమయ్యే చోటు ఇదే.

సుమారు 91,000 మంది పట్టుబడ్డారు. ఆకలితో, టైఫస్‌తో అప్పటికే సగం చచ్చి ఉన్నవాళ్లు. జర్మనీలో ఫిబ్రవరి 3న రేడియో బీథోవెన్ సంగీతం వినిపించి, ఫీల్డ్ మార్షల్ పౌలస్ ఆదర్శ నాయకత్వంలో ఆరో సైన్యం చివరి ఊపిరి దాకా పోరాడి నేలకొరిగిందని ప్రకటించింది. అప్పటికి ఆ ఫీల్డ్ మార్షల్ ఖైదీగా బతికే ఉన్నాడన్న మాట జనానికి చెప్పలేదు.

ఖైదులో ఏడాదిన్నర పాటు ఆయన హిట్లర్‌కు వ్యతిరేకంగా నోరు విప్పలేదు. జైడ్లిట్జ్ 1943 సెప్టెంబరులోనే జర్మన్ ఆఫీసర్ల సంఘం పెట్టి హిట్లర్‌ను దించమని పిలుపునిచ్చాడు. పౌలస్ దూరంగా ఉన్నాడు. 1944 జూలై 20న హిట్లర్ మీద హత్యాయత్నం విఫలమై, తనకు తెలిసిన ఆఫీసర్లను ఉరితీస్తున్నారని విన్నాక కదిలాడు. ఆ కుట్రలో ఉన్న ఫీల్డ్ మార్షల్ విట్జ్‌లెబెన్‌ను ఉరితీసిన ఆగస్టు 8నే ఆయన ప్రకటన వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనిపిస్తుంది. అయినా దానికి ఆయన కుటుంబం కట్టిన మూల్యం తక్కువది కాదు. కవల కొడుకుల్లో ఒకడు ఫ్రీడ్రిష్ ఆ ఫిబ్రవరిలోనే ఇటలీలో ఆంజియో దగ్గర చనిపోయాడు. ఇప్పుడు రెండో కొడుకు ఎర్నెస్ట్‌ను, భార్యను నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో పట్టుకెళ్లింది. పౌలస్ పేరు వదిలేసుకుంటే విడిచిపెడతామంటే కోకా ఒప్పుకోలేదు. యుద్ధం ముగిసేదాకా నిర్బంధంలోనే ఉంది.

1946 ఫిబ్రవరి 11న, నాజీ నాయకులను యుద్ధ నేరాలకు విచారిస్తున్న న్యూరెంబర్గ్ కోర్టు హాలులో సోవియట్ ప్రాసిక్యూటర్ రుదెంకో పౌలస్‌ను సాక్షిగా నిలబెట్టాడు. దాడి పథకం ముందే పకడ్బందీగా వేసిందని, నిందితుల్లో ఉన్న సైనిక పెద్దలు కైటెల్, యోడ్ల్, గోరింగ్ ప్రధాన బాధ్యులని ఆయన చెప్పాడు. నిందితుల లాయర్లు తిరిగి అడిగిన ప్రశ్నలు సూటిగా తగిలాయి. ఆ పథకం రాసిన బల్ల దగ్గర మీరూ కూర్చున్నారు కదా, ఒక్కసారైనా వద్దన్నారా? యుద్ధాన్ని దేశం పట్ల కర్తవ్యంగా చూశానన్నట్టుగానే ఆయన జవాబులు సాగాయి. కోర్టు బయట ఒక పత్రికా విలేకరి స్టాలిన్‌గ్రాడ్ ఖైదీల గురించి అడిగితే, వాళ్ల తల్లులకూ భార్యలకూ వాళ్లు క్షేమంగా ఉన్నారని చెప్పండన్నాడట. అప్పటికే వాళ్లలో అత్యధికులు లేరు. 91,000 మందిలో చివరికి ఇల్లు చేరింది అయిదారు వేల మంది.

1953లో ఆయన్ను వదిలి తూర్పు జర్మనీకి పంపారు. మిగిలిన ఖైదీల్లో చివరివాళ్లు 1955లో గానీ రాలేదు. డ్రెస్డెన్‌లో కొండ మీద ఒక ఇల్లు, సైనిక చరిత్ర పరిశోధనలో ఉద్యోగం, ఇంటి చుట్టూ నిఘా. స్టాలిన్‌గ్రాడ్ గురించి రాసుకుంటూనే ఉన్నాడు. యుద్ధం మొత్తం చిత్రం వలయంలో ఉన్న తన కళ్లకు కనబడలేదని, ఒక సైన్యం కమాండర్ తనంతట తాను ఆజ్ఞ మీరితే మొత్తం ముందు వరసే కూలుతుందేమోనని భయపడ్డానని ఆయన వాదన. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. కానీ ఆరు రోజుల తిండి, 300 టన్నులు, 30 కిలోమీటర్లు, 18,000 మంది గాయపడ్డవాళ్లు, ఇవన్నీ వలయం లోపలి అంకెలు. వాటిని చూడటానికి యుద్ధం మొత్తం చిత్రం అక్కర్లేదు.

చివరి రోజుల్లో కండరాలు చచ్చుబడే జబ్బు వచ్చింది. 1957 ఫిబ్రవరి 1న డ్రెస్డెన్‌లో చనిపోయాడు. అస్థికలను సరిహద్దు దాటించి పశ్చిమ జర్మనీలోని బాడెన్-బాడెన్‌కు తీసుకెళ్లి కోకా సమాధి పక్కన పెట్టారు. ఆమె 1949లోనే, రష్యాలో ఖైదీగా ఉన్న భర్తను మళ్లీ చూడకుండానే పోయింది.